ఒగ్గెత్తాది అంటే?

మా ఆఫీసులో కామేశ్ అని ఒకడున్నాడు. అందరికీ ఆఫీసులో ఒక కుర్చీ, ఒక కంప్యూటరు ఉంటాయి. వాడికి వాటితో పాటు ఒక మాట కూడా ఉంది. ఆ మాట "అంటే?" టీ తెచ్చినాయన పంచదార తక్కువేశానంటే, వీడు "తక్కువ అంటే?" అంటాడు. కరెంటు పోయి ఫోను చేస్తే కాసేపట్లో వస్తుందంటారు. మేమందరం అట్టముక్కలు తీసి విసురుకోవడం మొదలుపెడతాం. వీడు మాత్రం "కాసేపు అంటే?" అని అడిగి, అవతలి మనిషి ఫోను పెట్టేసేదాకా ఊరుకోడు. పిల్లలు పుట్టగానే ఏడుస్తారు గానీ మావాడు మాత్రం నర్సమ్మని "అంటే?" అని అడిగాడని వాళ్ళమ్మ సన్యాసమ్మ నాతో ఒకసారి అంది. ఆవిడ నవ్వుతూ అనలేదు.

నా పేరు సుధారాణి. కాశీబుగ్గలో బట్టలకొట్టు మీద మేడలో మా ఆఫీసు. జీడిపప్పు ఫ్యాక్టరీలకి సాఫ్ట్‌వేరు రాస్తాం. ఏ బస్తా ఎక్కడిది, ఎంత తడి ఉంది, గుండ్లు ఎన్ని వచ్చాయి, బద్దలు ఎన్ని వచ్చాయి, ఇలాంటివి. కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చిన పొగ వస్తుంది, మూస్తే ఉక్కపోస్తుంది. మా యజమాని జానకిరామ్ గారు ఊళ్ళో లేనప్పుడు, అంటే దాదాపు ఎప్పుడూ, ఆఫీసు సంగతి నేనే చూస్తాను. నాకు ఓపిక తక్కువ. కామేశ్ పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఓపిక మిగిలితే అది దేవుడి దయ అనుకోవాలి.

కామేశ్ వాళ్ళది సముద్రం పక్క ఊరే. తండ్రి రామూర్తి వేట మానేసి, చేపలకి ఐసు తోలే ఆటో పెట్టుకుని కాశీబుగ్గ వచ్చేశాడు. అలా కామేశ్ ఇక్కడే పెరిగాడు, టెక్కలిలో ఇంజినీరింగు చదివాడు. చిన్నప్పుడు ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు దానితో వచ్చిన కాగితం చదివేవాడట. కుక్కరు కొన్న కొత్తలో, ‘తగినంత నీరు పోయండి’ అని రాసి ఉంటే, తగినంత ఎంతో తేలేదాకా అమ్మని పొయ్యి వెలిగించనివ్వలేదట. ఆ పూట ఇంటిల్లిపాదీ పక్కింట్లో తిన్నారు. మందుల డబ్బాల్లో మడిచి పెట్టే సన్నక్షరాల కాగితాలు వాడు చదివినంత శ్రద్ధగా డాక్టర్లు కూడా చదివి ఉండరు.

ఒకసారి ఇద్దరం ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి పనిమీద వెళ్ళాం. గుమ్మం దగ్గర బోర్డు ఉంది, ‘చెప్పులు ఇక్కడ వదలరాదు’ అని. నేను చెప్పులు విప్పేసి లోపలికి నడిచాను. వెనక్కి చూస్తే వీడు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడి ఉన్నాడు. విప్పొద్దని రాశారా, విప్పినవి ఇక్కడ పెట్టొద్దని రాశారా అని వాచ్‌మన్‌ని అడుగుతున్నాడు. వాచ్‌మన్ ఆ బోర్డు పక్కనే ఏళ్ళ తరబడి కూర్చుంటున్నాడు గానీ దాన్ని ఎప్పుడూ అనుమానించలేదు. చివరికి కామేశ్ రెండు అర్థాలకీ సరిపోయే దారి కనిపెట్టాడు. చెప్పులు విప్పి, ఒక్కోటి ఒక్కో చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళాడు. చెప్పులు పైకెత్తి తన గదిలోకి వస్తున్న కుర్రాణ్ణి చూసి ఫ్యాక్టరీ ఆయన కుర్చీ వెనక్కి జరిగాడు. నేను సర్దిచెప్పేసరికి తాతలు దిగొచ్చారు. మర్నాటికి మాత్రం ఆ బోర్డు మారింది.

ఇలాంటి మనిషి మా గోడ మీద ఏం రాశాడన్నదే ఇప్పుడు నేను చెప్పబోయేది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి పాత ప్రతులు దాచుకునే పనిముట్టు ఒకటి ఉండాలి. ఇవాళ రాసింది చెడిపోతే నిన్నటిది బయటికి తీయడానికి. మేం వాడేది బార్న్ అని, దేశదేశాల వాళ్ళు కలిసి ఉచితంగా తయారుచేసిన పనిముట్టు. బార్న్ అంటే ఏమిటని కామేశ్ వెతికి, మన గాదె లాంటిదని తేల్చాడు. అప్పటినుంచి మా ఆఫీసంతా దాన్ని గాదె అనే అంటాం. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర మీద ఆజ్ఞ టైపు చేయాలి. ఆజ్ఞ వెనక రెండు చిన్న గీతలు పెట్టి ఇంకో మాట తగిలిస్తే పని తీరు మారుతుంది. ఆ తగిలించే మాటల్నే ఆప్షన్లంటారు. అవి బోలెడున్నాయి. ఏది ఏం చేస్తుందో ఇంగ్లీషులో హెల్ప్ ఉంది గానీ, అది ముందే తెలిసినవాళ్ళ కోసం రాసినట్టుంటుంది.

కొత్తగా చేరినవాళ్ళు తికమక పడుతున్నారని, మనవాళ్ళకి అర్థమయ్యేలా మన మాటల్లో రాసి గోడకి అంటించమని జానకిరామ్ గారు కామేశ్‌కి చెప్పారు. వాడికి పండగే. ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, మంచినీళ్ళ క్యాన్ పైన గోడకి అంటించాడు. నీళ్ళు తాగడానికి వెళ్ళినవాళ్ళు రెండో గ్లాసు కూడా తాగి చదివేవారు. ‘లాగ్: ఎవులు ఎప్పుడు ఏటి సేసినారో సెప్తాది.’ ‘ఫోర్స్: అడక్కండా సేసెత్తాది. సుధక్కని అడక్కండా దీని జోలికి ఎల్లకండి.’ వాటి కింద, మిగతావాటి మధ్యలో, ‘లీవ్: దాసని మార్పులని ఒగ్గెత్తాది’ అని, అంటే వదిలేస్తుందని, ఒక వాక్యం ఉంది. దాన్ని ఎవరూ అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు.

ఇక అనిత గురించి చెప్పాలి. అనితది సముద్రం ఒడ్డునున్న అక్కుపల్లి. తండ్రి వరహాలు ఇప్పటికీ వేటకి వెళతాడు. ఆమె మా దగ్గర ఫ్యాక్టరీల పని చేస్తూనే, తీరిక దొరికినప్పుడు సొంతంగా ఒక ప్రోగ్రాము రాసుకుంటూ ఉండేది. తుఫాను వస్తోందంటే సముద్రం ఒడ్డు ఊళ్ళకి ఫోన్లలో హెచ్చరికలు వస్తాయి కదా. ‘మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని సూచన’ అని వస్తే ఎవరూ పట్టించుకోరని ఆమె బాధ. అదే మాట వరహాలు గొంతుతో, వరహాలు మాటల్లో వినిపిస్తే తీరంలో కుర్రాళ్ళు పడవలు పైకి లాగేస్తారు. ఆయన గొంతంటే ఆ ఊళ్ళో అంత భయం. అందుకని ఆయన్ని బతిమాలి, కూర్చోబెట్టి, రకరకాల హెచ్చరికలు ఆయన చేత పలికించి రికార్డు చేసింది. ఆ పనంటే ఆమెకి ప్రాణం.

కామేశ్‌కి అనితంటే ప్రాణం. ఇది ఆఫీసులో అందరికీ తెలుసు. వాడు అందర్నీ "అంటే?" అని వేధిస్తాడు గానీ ఆమె ఏం చెప్పినా తల ఊపుతాడు. ఒక మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను. ఉన్న సంగతి వాడికి గుర్తులేదు, గుర్తుచేయాలని నాకూ అనిపించలేదు. మా అమ్మని ఒకసారి మీ ఇంటికి పంపించనా అని అడిగాడు. అనిత చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉన్నాయి, వాళ్ళ నాన్న గొంతులో గాలి చప్పుడు తీసేస్తోంది. ఒక చెవిది పక్కకి జరిపి, వాడివైపు చూసి, "ఇప్పుడు ఒగ్గీ" అని మళ్ళీ పనిలో పడింది.

వాడు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. నాకైతే ఆ మాట వద్దన్నట్టూ, ఇప్పటికి ఆగమన్నట్టూ రెండు రకాలుగానూ వినిపించింది. ఆమె ఏ ఉద్దేశంతో అందో అడగమన్నాను.

"అడగడానికేటుందక్కా. ఒగ్గీ అన్నాది. ఇంకేటి అర్థముంటాది దానికి?" అన్నాడు.

కుక్కరులో నీళ్ళ గురించి ఇంటిల్లిపాదినీ పస్తు పడుకోబెట్టబోయిన మనిషి, తన జీవితం గురించిన మాటకి మాత్రం అర్థం తనకి తెలుసన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ పరాయివాళ్ళ పెళ్ళి మాటల్లో వేలు పెట్టకూడదని నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం అరుదు కాబట్టి ఆ రోజు బాగా గుర్తుంది.

ఆ తర్వాత వాడు అనితతో పని గురించి తప్ప మాట్లాడలేదు. ఆమె కూడా ముభావంగా అయిపోయింది. టీ వచ్చినప్పుడు ఇద్దరూ చెరో కిటికీ దగ్గర నిలబడేవారు. మధ్యలో నేను పొగ పీల్చుకుంటూ నిలబడేదాన్ని. కొన్నాళ్ళు ఇలా గడిచింది.

ఒకరోజు అనిత ప్రోగ్రాము ఎక్కడో ఆగిపోతోంది. పాత ప్రతిలో కూడా ఇలాగే ఆగేదా అని చూడాలనుకుంది. నాన్న రికార్డింగులు ఇంకా శుభ్రం చేస్తూనే ఉంది కాబట్టి వాటిని గాదెలో దాచలేదు. పాత ప్రతికి వెళ్ళినప్పుడు అవి ఏమవుతాయోనని లేచి గోడ దగ్గరికి వెళ్ళి చదివింది. ‘దాసని మార్పులని ఒగ్గెత్తాది.’ సరే, వాటి జోలికి పోదన్నమాట అనుకుంది. వచ్చి కూర్చుని, ఆజ్ఞ వెనక రెండు గీతలు పెట్టి, లీవ్ అని కొట్టింది.

రికార్డింగుల ఫోల్డరు ఖాళీ అయిపోయింది. రికార్డు చేసిన ఫోనులో చోటు చాలక అక్కడివి ముందే తీసేసింది. ఇంకెక్కడా లేవు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు భయం వేసేది కాదు. కామేశ్ బల్ల ముందుకి వచ్చి నిలబడి, మా నాన్న గొంతు ఏదని అడిగింది. ఏ ఆప్షను వాడావని వాడు అడిగాడు. చెప్పింది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

"ఒగ్గెత్తాది అని రాసినాను కదా అనితా. పారెత్తాది అని."

"ఒగ్గీడం అంటే పారీడం అని ఎవులు సెప్పినారు నీకు? ఒగ్గీ అంటే దాని జోలికి ఎల్లకు, అక్కడ అలాగ ఉండనీ అని. మా ఇంట్లో పుట్టినకాడి నుంచీ అదే అర్థం."

కామేశ్ ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. వాడి బుర్రలో ఏం తిరుగుతోందో నాకు అద్దంలో చూసినట్టు తెలిసిపోయింది. ఒగ్గీ అంటే ‘అలాగ ఉండనీ’ అయితే, ఆ మధ్యాహ్నం ఆమె అన్న మాటకి అర్థం ఏమిటి? ఇన్నాళ్ళూ తను ఏం చేసినట్టు? అడగాలంటే ఇప్పుడే అడగాలి. కానీ ఎదురుగా ఉన్నది నాన్న గొంతు పోగొట్టుకున్న మనిషి. పోగొట్టింది వాడి వాక్యం. ఆ స్థితిలో "మరి మన సంగతి?" అని అడిగితే ఆ నీళ్ళ క్యాను వాడి నెత్తిన పడేది. పడేయడానికి నేను సాయం పట్టేదాన్ని.

వాడు నోరు మూసుకుని, వెళ్ళి గోడ మీది కాగితంలో ఆ వాక్యం కొట్టేశాడు. తర్వాత గాదె హెల్ప్‌లో అసలు ఇంగ్లీషు వాక్యం తీసి చదివాడు. అదీ అంతే ఉంది. దాచని మార్పుల్ని లీవ్ చేస్తుందట. ఉన్నచోట ఉంచుతుందా, గాలికొదిలేస్తుందా అన్నది అందులోనూ లేదు. తను చేసిన తప్పే పెద్దవాళ్ళు కూడా చేశారని వాడికి కాస్త ఊరట కలిగిందేమో గానీ, వెంటనే కోపం వచ్చింది. ఆ వాక్యం మారేదాకా అనిత మొహం చూడలేనన్నాడు. రోజూ ఎదురు బల్ల దగ్గరే కూర్చుంటుంది కదా, ఎలా చూడకుండా ఉంటావన్నాను.

ఆ పనిముట్టు తయారుచేసేవాళ్ళకి ఒక సైటు ఉంది. ఎవరైనా అందులో తప్పు చూపించొచ్చు, సవరణ రాసి పంపొచ్చు. నలుగురూ చదివి, ఒప్పుకుంటే కలుపుతారు. కామేశ్ ఆవేశంలో ఇంగ్లీషులో ఒక పెద్ద ఫిర్యాదు రాశాడు. మీ వాక్యం వల్ల మా దగ్గర ఒక పెద్దాయన గొంతు పోయిందని మొదలుపెట్టాడు. మర్నాడు చూస్తే అవతలినుంచి జవాబులు వరసగా వచ్చి ఉన్నాయి. ఆ పెద్దాయనకి ఇప్పుడెలా ఉంది, డాక్టరుకి చూపించారా, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలిస్తే మంచిది అని. ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒకావిడ అల్లం, తేనె కలిపి తాగించమంది. కామేశ్ తలపట్టుకున్నాడు. నేను కుర్చీలోంచి కింద పడేదాకా నవ్వాను. అనిత అటు తిరిగి కూర్చుంది గానీ ఆమె భుజాలు కదలడం నేను చూశాను.

పోయింది మనిషి గొంతు కాదు, రికార్డింగు అని వాడు మళ్ళీ రాశాడు. అప్పుడు ఆ పనిముట్టుని మొదటినుంచీ చూసుకుంటున్న ఒక పెద్దమనిషి వచ్చి, ఇన్నేళ్ళుగా ఎవరికీ రాని అనుమానం మీకు వచ్చిందన్నాడు. ఇది వాడేవాళ్ళందరికీ లీవ్ అంటే ఏమిటో తెలుసన్నాడు. తెలిసినవాళ్ళు హెల్ప్ ఎందుకు చదువుతారని కామేశ్ అడిగాడు. ఆ ప్రశ్న కింద రెండు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. మూడో రోజు ఆ పెద్దమనిషే, సరే, మీరే సరైన వాక్యం రాసి పంపండి అన్నాడు. ఆప్షను పేరు మాత్రం మార్చరట, అలవాటుపడినవాళ్ళు గొడవ చేస్తారట. కామేశ్ దానికి ఒక పూటంతా గొణిగాడు.

వాక్యం రాయమంటే వీడు వ్యాసం రాశాడు. లీవ్ పుట్టుపూర్వోత్తరాలు, మూడు ఉదాహరణలు, ఒక హెచ్చరిక, ఆ హెచ్చరికకి మళ్ళీ వివరణ. నేను చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆవలించాను. పైగా వాళ్ళకో నియమం ఉంది. రాసినవాడు కాకుండా ఇంకొకరు చదివి, తమకి ఏం అర్థమైందో రాయాలి. అది సరిపోతేనే కలుపుతారు. అక్కా నువ్వు చదువు అన్నాడు. చదవనన్నాను. ఆ ఆప్షను కొట్టి దెబ్బతిన్న మనిషి ఎదురుగా ఉండగా నన్నెందుకు అడుగుతావన్నాను. వాడు కాగితం మడిచాడు, విప్పాడు. అయినా వెళ్ళాడు.

అనిత కాగితం తీసుకుంది. పెన్నుతో గీతలు కొడుతూ పోయింది. చివరికి వాక్యాలు గుప్పెడు మిగిలాయి. వాటి పక్కన కూడా వరసగా ఒకే మాట రాసి ఇచ్చింది. "అంటే?" ‘తొలగిస్తుంది’ దగ్గర, అంటే? తీసి పక్కన పెడుతుందా, పూర్తిగా పోతుందా? ‘జాగ్రత్త’ దగ్గర, అంటే? జాగ్రత్తగా ఉండి ఏం చేయాలి? అన్నిటికంటే కింద, ఉంచుకోవాలంటే ఏం కొట్టాలో ఎక్కడా రాయలేదేం అని. తన మాట తనకే ఎదురుతిరిగేసరికి కామేశ్ కాసేపు తెల్లమొహం వేశాడు. మళ్ళీ రాశాడు. మళ్ళీ కొట్టేసింది. అలా వారమంతా కాగితం అటూ ఇటూ తిరిగింది. ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను ఎన్నాళ్ళకో విన్నాను. మాటలన్నీ క్రియాపదాల గురించే అయినా, వినడానికి బాగుంది.

ఆఖరికి నిలిచింది ఇది: ‘ఇంకా దాచని మార్పులను పూర్తిగా చెరిపేస్తుంది. అవి తిరిగి రావు. వాటిని ఉంచుకోవాలంటే దీని బదులు కీప్ వాడండి.’ ఇంగ్లీషులో ఇదే పంపారు. పెద్దమనిషి చదివి, ఇది మేమే ఎప్పుడో రాసి ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం ఆ మార్పు కింద, రాసినది కామేశ్, చదివి చూసినది అనిత అని ఇద్దరి పేర్లూ వచ్చాయి. శుభలేఖ మీద కాకుండా ఇలా కూడా పేర్లు కలిపి అచ్చేస్తారా అన్నాను. ఇద్దరూ వినపడనట్టు నటించారు. గోడ మీది కాగితంలో కూడా అనితే స్వయంగా సరిచేసింది. ‘లీవ్: దాసనివన్నీ పారెత్తాది. మల్లీ దొరకవు. ఉంచుకోవాలంటే కీప్ కొట్టండి.’

వాక్యం బాగుపడింది గానీ వరహాలు గొంతు తిరిగి రాలేదు. మళ్ళీ పలకమంటే ఆయన ససేమిరా అన్నాడట. పోగొట్టిన మనిషినే వచ్చి అడగమన్నాడట. అనిత ఆ కబురు చెప్పి, "నువ్వే వచ్చి అడుగు" అంది కామేశ్‌తో. వాడు నన్ను తోడు రమ్మన్నాడు. ఆదివారం ముగ్గురం అక్కుపల్లి వెళ్ళాం. దారిపొడవునా కొబ్బరితోటలు, జీడితోటలు. కామేశ్ మాత్రం తన మోకాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. అక్కడ ఎలాగైనా ఆమెని అడిగేస్తానని బయల్దేరేటప్పుడు నా చెవిలో చెప్పాడు. ఏమడుగుతావో ముందు నాకు చెప్పమంటే, "అంటే అని అడుగుతాను" అన్నాడు.

వరహాలు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. కామేశ్ ఆయన ముందు నిలబడి "మావా" అని ఆగిపోయాడు. మా వైపు దారినపోయే ఎవరినైనా మావా అంటారు, దానికి చుట్టరికం అక్కర్లేదు. కానీ వీడు మాత్రం చుట్టరికం కలుపుకున్నట్టయిందేమోనని కంగారుపడ్డాడు. తప్పు తనదేనని, గోడ మీద ఒగ్గెత్తాది అని రాశానని చెప్పాడు.

"సరిగ్గానే రాసినావు కదా. వల ఒగ్గినామంటే సముద్రంలోకి ఇసిరినామనే. ఆ మాత్రం నా కూతురికి తెలీదా?" అన్నాడు వరహాలు.

అనిత తండ్రి మీద కస్సుమంది. కామేశ్ మొహం వెలిగింది, ఆమె చూపు తగలగానే మళ్ళీ ఆరిపోయింది. మొత్తానికి తనమీద కస్సుమన్న కూతురికంటే, తప్పు ఒప్పుకున్న కుర్రాడు ముసలాయనకి నచ్చినట్టున్నాడు. వల పక్కన పెట్టి కూర్చున్నాడు. ఫోను నేను పట్టుకున్నాను. రికార్డవుతున్నప్పుడు తెర మీద ఎర్రచుక్క వెలుగుతుంది, అది వెలుగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదని అనిత అందరికీ చెప్పింది.

ఆయన గొంతు విన్నాక నాకు అనిత పట్టుదల అర్థమైంది. అరుగు మీద కూర్చున్న నాకే లేచి పడవ లాగాలనిపించింది. అన్నీ బాగా పలికాడు. చివర్న, నడిసముద్రంలో ఉన్నవాళ్ళకి చెప్పే మాట వచ్చింది. "గాలి మారిపోతంది. వలలు ఒగ్గీసి ఒడ్డుకొచ్చీండి" అన్నాడు.

"ఒగ్గీసి అంటే?" అన్నాడు కామేశ్.

ఎర్రచుక్క వెలుగుతోంది. వరహాలు వాణ్ణి కొట్టేలా చూశాడు. తర్వాత ఆ చూపు మెల్లగా మారింది. వల ఒగ్గడమంటే వెయ్యడమని ఇందాక చెప్పింది తనే. కొత్తగా వేటకి వెళ్ళే కుర్రాళ్ళు, వరహాలు వల వెయ్యమన్నాడు కదా అని తుఫానులో వలేసుకుని కూర్చుంటే? ఆ ఆలోచన ఆయన మొహంలో కనపడింది. నాకు నిజంగా భయం వేసింది. అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు.

ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాడు. "వలలు ఏసినోలు తాడు కోసీండి. ఎయ్యనోలు ఎయ్యకండి. ఒడ్డుకొచ్చీండి." చెప్పి, ఈ కుర్రోడు ప్రతీదానికీ ఇలాగే అడుగుతాడా అని కూతుర్ని అడిగాడు.

"ప్రతీదానికీ అడుగుతాడు నాన్నా. ఒక్కదానికి తప్ప" అంది అనిత.

వరహాలు మళ్ళీ వల ఒళ్ళోకి తీసుకుని అరుగు చివరికి జరిగాడు. అనిత ల్యాప్‌టాప్ తెరిచి, ఫోనులో ఉన్నవి ఒక్కొక్కటిగా లోపలికి తీసుకోవడానికి సిద్ధం చేసుకుంటోంది. కామేశ్ ఆమె పక్కన కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

"ఆరోజు మా అమ్మని పంపనా అని అడిగినాను. ఇప్పుడు ఒగ్గీ అన్నావు" అన్నాడు. "అంటే?"

అనిత చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఇన్నాల్లకి అడిగినావా" అంది. "అంటే ఆ మాట అక్కడ ఉంచమని. నాన్న గొంతు పని అయినదాకా ఉంచమని. పారీమన్లేదు. మల్లీ అడుగుతావని సూసినాను. టీలో పంచదార గురించి అడిగినావు. కరెంటు గురించి అడిగినావు. నన్ను అడగనేదు. నాకెంత ఏడుపొచ్చిందో నీకు తెల్సా?"

కామేశ్ తల దించుకున్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ అంతే, నేనేం దాచుకోను.

"నాకు రెండు సెవులూ బాగానే పనిసేత్తన్నాయి" అన్నాడు వరహాలు అరుగు చివర్నుంచి, వలలోంచి తల ఎత్తకుండానే. "ఆ ఎర్రసుక్క కూడా ఇంకా ఎలుగుతంది."

ముగ్గురం నా చేతిలో ఫోనుకేసి చూశాం. ఎర్రగా వెలుగుతోంది. తుఫాను హెచ్చరిక వెనకే కామేశ్ అడిగింది, అనిత చెప్పింది, అన్నీ అందులోకి ఎక్కేశాయి. కామేశ్ కంగారుగా లేచాడు.

"ఈ ముక్క తీసీమంటావా?" అన్నాడు అనితతో.

"ఒగ్గీ" అంది అనిత.

"అంటే?"

"ఉంచు."

అప్పుడు నేను ఫోను ఆపాను.